మరమ్మతు మాటకు మర్యాద

తెలుగువారి నిత్యవ్యవహారంలో నిలిచిపోయిన అన్యదేశ్యాలలో 'మరమ్మతు' ఒకటి. అరబ్బీలో పుట్టి, పారశీకం మీదుగా ఉర్దూలో స్థిరపడి, అక్కడినుండి తెలుగు గడపలోనికి వచ్చిన ఈ మాటను నేడు ఎవ్వరూ పరాయిదని తలచరు. చెరువుగట్టు మరమ్మతు, లాకుతలుపు మరమ్మతు, బడికప్పు మరమ్మతు అంటూ కరణాల కాలంనుండి నేటి ఇంజనీర్ల అంచనా కాగితాల వరకు అది చెక్కుచెదరక సాగివచ్చినది. బోటు మీది సరంగు, కలాసి అనే మాటలు కూడ ఆ తోవనే మన తీరానికి చేరినవి. ఒక వైపు ఉర్దూ పుటలు, మరొక వైపు తెలుగు పుటలు గల ఈ సంచికలో ఇరువైపులవారికీ సొంతమైన మాటతో ప్రారంభించుట సముచితమని భావించినాము. అయితే మా ఉద్దేశం పదచరిత్ర వ్రాయుట కాదు. మాట నిలిచినది గాని, ఆ మాట చెప్పే పని మన కళ్ల ఎదుటనే సన్నగిల్లుచున్నది. పాడైన వస్తువును పట్టుకొని అంగడికి పోతే, "ఇది బాగుపడదండీ, కొత్తది తీసుకోండి" అనే సమాధానమే ఎక్కువగా వినబడుచున్నది. ఈ సమాధానం ఎంతవరకు న్యాయమో ఒకే ఒక వస్తువును పట్టుకొని పరిశీలింపదలచినాము. ఆ వస్తువు సముద్రపు వేటకు పోయేవారి చేతి జి.పి.యస్. యంత్రం, అందులోను దాని బ్యాటరీ.

ఇంత చిన్న వస్తువు మీద ఇంత పెద్ద వ్యాసమా అని విద్యార్థులు నవ్వవచ్చును. మన తరగతులలో కూర్చునే పిల్లలలో తీరగ్రామాలవారు ఉన్నారు. వారి ఇండ్లలో ఇది నవ్వులాట విషయం కాదు.

విశాఖ వైపు వేటకు పోయేవానికి కొండలే గుర్తులు. మన డెల్టా తీరానికి ఆ భాగ్యం లేదు. గోదావరి వేల సంవత్సరాలుగా మోసుకొనివచ్చి పోసిన ఒండ్రుతో ఏర్పడిన నేల ఇది. పలకవలె చదునుగా ఉండును. అంతర్వేది మొదలు ఉప్పాడ వరకు సముద్రం మీదనుండి చూచేవానికి కనిపించేది ఒక సన్నని పచ్చని గీత మాత్రమే. అవి సరుగుడు తోటలు, తాటిచెట్లు, కోరంగి వైపున మడ అడవులు. మరికొంత లోపలికి పోతే ఆ గీత కూడ మాయమగును. పూర్వం పెద్దలు తీరం మీది రెండు గుర్తులను, ఒక దీపస్తంభమో, ఒక గోపురమో, ఒక ఒంటి తాడిచెట్టో, ఒకే వరుసలోనికి వచ్చిన చోటు పట్టి వల దింపేవారు. తాడుకు సీసపుగుండు కట్టి వదలి, లోతును బారలలో కొలిచేవారు. గుండుకు అంటివచ్చిన బురదనో, ఇసుకనో చూచి అడుగు ఎట్టిదో పోల్చుకొనేవారు. రాత్రివేళ చుక్కలు ఉండనే ఉన్నవి. ఈ విద్య వ్రాతకు ఎక్కనందున దానిని శాస్త్రమని ఎవ్వరూ పిలువలేదు. మా దృష్టిలో అది శాస్త్రమే.

ఆ విద్య పక్కకు ఈ యంత్రం వచ్చి చేరినది. భూమికి సుమారు 20,200 కిలోమీటర్ల ఎత్తున తిరిగే అమెరికా ఉపగ్రహాలు పంపే కాలసంకేతాలను అందుకొని, కనీసం నాలుగింటిని పోల్చిచూచి, తానున్న చోటును అక్షాంశ రేఖాంశాలలో చెప్పుట దాని పని. ఈ వ్యవస్థ 1995లో పూర్తిగా అమలులోనికి వచ్చినది గాని, సామాన్యులకు అందే సంకేతాన్ని ఆ దేశప్రభుత్వం కావలెననే మసకబార్చి ఉంచినది. 2000 మే నెలలో ఆ మసకను తొలగించగానే నూరు మీటర్లదాకా ఉండిన తప్పు పది మీటర్ల దరిదాపులకు దిగినది. జేబులో పట్టేంత యంత్రం ఒకటి బోటులో ఉంటే, తీరం కనబడని చోట కూడ నిన్న వల వేసిన తావుకు నేడు తిరిగి పోవచ్చును. హైదరాబాదులోని ఇన్‌కాయిస్ సంస్థ ఉపగ్రహాల సాయంతో చేపలు చేరే అవకాశం గల తావులను తెలిపేది కూడ అక్షాంశ రేఖాంశాలలోనే. టవరు లేనిచోట ఇది పనిచేయదని తీరగ్రామాలలో సైతం కొందరు నమ్ముచున్నారు. అది పొరపాటు. ఫోను మాట్లాడుటకు టవరు కావలెను గాని, ఈ సంకేతం ఆకాశంనుండే వచ్చును.

యంత్రం విలువ దాని పెట్టెలో లేదు, దాని జ్ఞాపకంలో ఉన్నది. సరంగు ఒక్కొక్క బటను నొక్కి ఒక్కొక్క గుర్తు పెట్టుకొనును. ఇక్కడ అడుగున రాయి ఉన్నది, వల చిరుగును. ఇక్కడ మునిగిన పాత బోటు ఉన్నది, దాని చుట్టూ చేప చేరును గాని వల తగులుకొనును. ఇది చమురు బావి కట్టడం, దాని చుట్టూ అయిదువందల మీటర్లలోనికి పోరాదు. ఇది ఏటిమొగలో ఇసుకమేట, పోటుమీద తప్ప దాటరాదు. ఇటువంటి గుర్తులు పది, ఇరవై కావు. పదిహేనేండ్ల వేటలో నూరు దాటును. ఒక్కొక్క గుర్తు వెనుక ఒక చిరిగిన వల, ఒక వృథా అయిన రాత్రి, అప్పు తెచ్చి పోసిన డీజిలు ఉన్నవి. మన భాషలో చెప్పాలంటే అది ఒక గ్రంథం. రచయిత చదువుకొనని గ్రంథం. దానిని నిలిపి ఉంచేది ఒక సెల్లు.

ఆ సెల్లు సంగతి కొంత వివరంగా చెప్పవలసి ఉన్నది. బ్యాటరీ పోయినదని జనం అనే మాటలో నాలుగైదు వేరువేరు జబ్బులు కలిసిపోయి ఉన్నవి. వైద్యుడు అన్ని జ్వరాలకూ ఒకే మందు ఇచ్చునా?

చేతిలో పట్టే పాత యంత్రాలలో చాలావాటికి రెండో, నాలుగో పెన్సిల్ సెల్లు వేయవలెను. ఇవి పనిచేయకపోతే తప్పు సామాన్యంగా యంత్రానిది కాదు. వేట లేని నెలలలో సెల్లు తీయక లోపలనే వదలివేసినందున అవి కారి, ఇత్తడి రేకులమీద తెల్లని పొక్కు కట్టును. సెల్లులోనుండి వచ్చేది క్షారం గనుక, నిమ్మరసమో, వెనిగరో అద్దిన గుడ్డతో తుడిచి, తరువాత స్పిరిటుతో కడిగి ఆరబెట్టితే పొక్కు పోవును. ఉప్పుగాలికి పట్టిన పచ్చని చిలుము కూడ ఇంచుమించు అంతే. మరికొన్నిచోట్ల రీచార్జి సెల్లు వేసి, యంత్రానికి ఆ సంగతి చెప్పరు. మామూలు సెల్లు 1.5 వోల్టులు, రీచార్జి సెల్లు 1.2 వోల్టులు. ఏ సెల్లు వేసినారో సెట్టింగులలో మార్చకపోతే, నిండుగా ఉన్న సెల్లును కూడ యంత్రం అయిపోవచ్చినదని చూపును. ఇది మరమ్మతు కూడ కాదు, రెండు బటన్ల పని. దీనికై కొత్త యంత్రం కొన్నవారు ఉన్నారు.

రెండవది జ్ఞాపకాన్ని నిలిపే చిన్న సెల్లు. కొన్ని పాత యంత్రాలలో పెన్సిల్ సెల్లు తీసి మార్చే సమయంలో గుర్తులు చెరిగిపోకుండ, లోపల వాచీ సెల్లువంటి గుండ్రని సెల్లు ఒకటి టంకం వేసి ఉండును. పదేండ్లకో, పదిహేనేండ్లకో అది ఎండిపోవును. అప్పుడు యంత్రం మతిమరుపు మనిషివలె అగును. సెల్లు మార్చిన ప్రతిసారి తేదీ మరచును, ఊరు మరచును, గుర్తులన్నీ మరచును. ఆకాశంలో ఏ ఉపగ్రహం ఎక్కడ ఉన్నదో తెలిపే పట్టికను మొదటినుండి దింపుకొనుటకే పన్నెండున్నర నిమిషాలు పట్టును. ఒడ్డుననుండి చూచేవానికి యంత్రం చచ్చినట్లే తోచును. నిజానికి చచ్చినది ఒక చిన్న సెల్లు మాత్రమే. రేడియోలు, వాచీలు బాగుచేసే ఏ చేయి అయినను దానిని మార్చగలదు. ఒక్క జాగ్రత్త కావలెను. పాత సెల్లు ఊడదీసేటప్పుడు పెన్సిల్ సెల్లు లోపలనే ఉంచవలెనో, బయటినుండి కరెంటు ఇవ్వవలెనో తెలిసినవాడు కావలెను. లేకపోతే వైద్యం జరిగి రోగి మతి పోయినట్లగును.

మూడవది లోపల అతికించిన లిథియం బ్యాటరీ. ఇది కొత్త తరపు యంత్రాల రోగం. వాడినా వాడకున్నా ఇది వయసుతో క్షీణించును; వేడికి మరింత త్వరగా క్షీణించును. ఇంజను గది పక్కన కట్టిన యంత్రానికి ఆయుస్సు తక్కువని వేరుగా చెప్పనక్కరలేదు. ఉబ్బిన లిథియం బ్యాటరీని గుచ్చరాదు, వంచరాదు, దానిమీద నేరుగా టంకం వేయరాదు; మంట పుట్టును. చాలవాటికి రెండు తీగలు కాక మూడవ తీగ ఒకటి ఉండును. బ్యాటరీ వేడిని యంత్రానికి తెలుపుటకు అది పనికివచ్చును. దానిని కత్తిరించి ఏదో ఒక ఫోను బ్యాటరీని అతికించేవారు మెకానిక్కులు కారు, సాహసికులు.

ఇక బోటులో స్థిరంగా బిగించి పన్నెండు వోల్టుల పెద్ద బ్యాటరీతో నడిచే యంత్రాలు. వీటి విషయంలో మొదట అనుమానింపవలసినది తీగను, ఫ్యూజును. ఉప్పునీటికి నల్లబడిన తీగలో కరెంటు సగం దారిలోనే పోవును. ఇంజను స్టార్టు చేసినప్పుడెల్లా తెర ఆరిపోవుచున్నదంటే బోటు బ్యాటరీ నీరసించినదని అర్థం. యంత్రం నిర్దోషి. నూటికి ఎన్ని కేసులలో ఇట్లు జరుగునో మేము లెక్క కట్టలేదు గాని, మల్టీమీటరు పెట్టిచూడకుండ తీర్పు చెప్పే అంగళ్లు చాల ఉన్నవని చెప్పగలము.

తేదీ విషయం ఒకటి ఉన్నది. చాల పాత యంత్రాలు నేడు ఇరవై సంవత్సరాల వెనుకటి తేదీని చూపును. దానిని చూచి 'మతిపోయిన సామాను' అని పారవేయుచున్నారు. దీని కారణం వింతైనది. ఆ వ్యవస్థ కాలాన్ని 1980 జనవరి 6నుండి వారాలలో లెక్కించును. ఆ వారాల గడిలో 1024 దాకా మాత్రమే చోటు ఉన్నది. నిండగానే మరల సున్నానుండి మొదలగును. 1999 ఆగస్టులో ఒకసారి నిండినది. 2019 ఏప్రిల్ 7న మన కాలమానం ప్రకారం తెల్లవారుజామున అయిదున్నరకు రెండవసారి నిండినది. ఆ సంగతి ముందుగా నేర్పని యంత్రం 1024 వారాలు వెనక్కు పోవును. తేదీ తప్పినది గాని చోటు తప్పలేదు. అందులోని పోటుపాట్ల పట్టికను, సూర్యాస్తమయ వేళను మాత్రం నమ్మరాదు. వాటికి గోడమీది పంచాంగం ఉన్నది.

ఇంత చెప్పిన తరువాత ఒక కథ చెప్పకతప్పదు. మా విద్యార్థి ఒకని తండ్రి సరంగు. ఆయన యంత్రం ఒకనాడు సెల్లు వేసినా వెలగలేదు. పట్టణంలోని ఒక అంగడిలో చూపితే, విప్పనైనా విప్పక, పాతది ఇచ్చివేస్తే కొత్తదాని ధరలో కొంత తగ్గిస్తామన్నారు. ఆయన ఇచ్చివేసినాడు. కొత్తది మంచిదే, తెర పెద్దది, వెలుగు బాగున్నది. వారం తరువాత వేటకు పోయి, రాళ్ల అడుగు దగ్గర ఎంత దూరంలో వల తిప్పవలెనో చూచుకొందామని తెర తెరచినాడు. తెరమీద సముద్రం ఖాళీగా ఉన్నది. అంగడికి తిరిగిపోతే పాతది తుక్కువారికి పోయినదన్నారు. ఆ వేట కాలంలో రెండు వలలు చిరిగినవి. కొడుకు పరీక్ష ఫీజు గడువులోగా కట్టలేకపోయినాడు. మాకు ఈ కథ తెలిసినది ఆ సందర్భంలోనే. ఫీజు సంగతి ఎట్లో సర్దుబాటు అయినది. గుర్తులు సర్దుబాటు కాలేదు. మా భౌతికశాస్త్ర సహాధ్యాపకులు ఆ తరువాత వేరొక ఇంటివారి అదే రకపు యంత్రాన్ని ప్రయోగశాలలో విప్పి చూచినారు. రేకుల పొక్కు, విరిగిన ఒక స్ప్రింగు. పావుగంట పని.

అంగడివారిని తప్పుపట్టుట సులభం. వారి వైపునుండి కూడ ఆలోచింపవలెను. మరమ్మతు చేస్తే కూలి వచ్చును, కొత్తది అమ్మితే కమీషను వచ్చును. కూలి అడిగితే గిరాకీదారు బేరమాడును, కొత్తదానికి అడిగినంత ఇచ్చును. విప్పిన యంత్రంలోనికి నీరు పోతే ఆ నింద మెకానిక్కు నెత్తిన పడును. ఈ చివరి మాటలో బలం ఉన్నది. ఈ యంత్రాలు మీటరు లోతు నీటిలో అరగంట ఉన్నా తట్టుకొనేటట్లు తయారైనవి. ఆ గుణమంతా ఒక రబ్బరు వాషరులో, అతుకులో ఉన్నది. విప్పి మరల మూసినప్పుడు వాషరు మడతపడితే మొదటి అలకే లోపల తడి చేరును. కొత్త వాషరు వేసి, సిలికాన్ గ్రీజు రాసి, ఒక పూట నీళ్ల బకెట్టులో ముంచి పరీక్షించి ఇచ్చేవాడే మరమ్మతు చేసినవాడు. తక్కినవాడు విప్పినవాడు మాత్రమే.

మేము పాతదానికి దండం పెట్టేవారము కాము. సముద్రం మీద పాతదనం గౌరవానికి కారణం కాదు. పెట్టె పగిలినది, తెరలో సగం గీతలు లేవు, ఉపగ్రహాలను పట్టుటకు గంటసేపు తంటాలు పడుచున్నది, ఉబ్బిన బ్యాటరీకి సరియైన జత దొరకదు అంటే ఆ యంత్రాన్ని దింపివేయవలసినదే. ఎనిమిదిమంది ప్రాణాలు ఎక్కిన బోటు వారంరోజుల వేటకు పోవునప్పుడు మరమ్మతు చేసిన యంత్రం ఒక్కదానినే నమ్ముకొనుట కూడ తగదు. సముద్రం మీద గీత కనబడదు. గుజరాత్ తీరంలో కూలికి వేటచేయుచుండిన ఉత్తరాంధ్ర మత్స్యకారులు 2018 నవంబరులో పాకిస్తాన్ జలాలలోనికి పోయినారని పట్టుబడి, 2020 జనవరిలో గాని వాఘా దాటి ఇల్లు చేరలేదు. చోటు తెలియకపోవుటకు మూల్యం ఎంతో ఆ కుటుంబాలను అడిగితే చెప్పుదురు. కావున కొత్తది కొనవలసినచోట కొనవలెను. దానిని ముందుంచి, బాగుచేసిన పాతదానిని జతగా ఉంచవలెను. మా వాదమంతా ఒక్క వరుసను గురించి. ముందు విప్పి చూడవలెను, తరువాత తీర్పు చెప్పవలెను. నేడు తీర్పు ముందు వచ్చుచున్నది.

విప్పుటకు వీలులేని వస్తువు ఎట్లుండునో చూడాలంటే ఆకాశం వైపు చూడవలెను. మన దేశం సొంతంగా నెలకొల్పుకొన్న నావిక్ వ్యవస్థలో మొదటి ఉపగ్రహాన్ని 2013 జూలై 1న శ్రీహరికోటనుండి పంపినారు. దానిలోని మూడు పరమాణు గడియారాలూ కొన్నేండ్లలోనే ఆగిపోయినవి. ఉపగ్రహం తక్కినవిధాల బాగుగానే ఉన్నది, గడియారమే లేదు. అక్కడికి పోయి బాగుచేసే మెకానిక్కు లేడు. దాని స్థానంలో 2017 ఆగస్టు 31న పంపినది ఉష్ణకవచం తెరుచుకొనక వ్యర్థమైనది. 2018 ఏప్రిల్‌లో మరొకటి పంపవలసివచ్చినది. స్వదేశంలో తయారైన పరమాణు గడియారంతో 2023 మే 29న ఎన్‌వీఎస్-01 పోయినది. 2025 జనవరి 29న పంపిన దాని తమ్ముడు చేరవలసిన కక్ష్యకు చేరలేదు. అక్కడ మార్పిడి తప్ప గత్యంతరం లేదు. శాస్త్రజ్ఞులు దానికై ఎంత శ్రమపడుచున్నారో లోకమంతా చూచుచున్నది. బల్లమీద పెట్టి నాలుగు స్క్రూలు విప్పితే చాలు అనే భాగ్యం మనకు ఉండగా, దానిని వినియోగించుకొనకపోవుట మాత్రం శాస్త్రం కాదు.

అదే ప్రశ్నను మన పూర్వులు ఇంతకంటె చాల పెద్దదాని విషయంలో ఎదుర్కొన్నారు. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తి అయినది. గోదావరి వరదను ఏటేటా భరించే రాతికట్టడం ఏటేటా దెబ్బతినకుండ ఉండునా? రాళ్లు కొట్టుకొనిపోయినవి, మరల పోసినారు. నీరు చాలకపోతే పైన తలుపులు పెట్టి ఎత్తు పెంచినారు. ఆ పనులకై ధవళేశ్వరంలో వర్క్‌షాపు నడిచినది. ఇంచుమించు నూటముప్పయి సంవత్సరాలు అట్లు నెట్టుకొనివచ్చి, ఇక మరమ్మతు నమ్మదగినది కాదని నిశ్చయించుకొన్న తరువాతనే కొత్త బ్యారేజీ కట్టినారు. అది 1982లో పూర్తి అయినది. పాతదానికి దిగువన పంట ఎండకుండ కొత్తది ఎట్లు కట్టవలెనో అదొక పెద్ద ఆలోచన. రాజమహేంద్రవరంలో 1900లో తెరచిన హేవలాక్ వంతెన కూడ 1997 వరకు రైళ్లను మోసినది. మార్చవద్దని ఎవ్వరూ అనలేదు. మార్చేముందు చేయవలసినదంతా చేసినారు.

ఇక్కడ ఒక ప్రసంగాంతరం. నేడు మనవారు ఖిబ్లా దిక్కు తెలుసుకొనుటకు ఫోను తీయుచున్నారు. మన తీరంనుండి అది పడమరకు కొంచెం ఉత్తరంగా ఉండును. పదహారు, పదిహేడు శతాబ్దాలలో లాహోరులో అల్లాహ్‌దాద్ వంశపు ఉస్తాదులు ఇత్తడితో ఉస్తుర్లాబులు చేసేవారు. నక్షత్రాల ఎత్తు, వేళ, దిక్కు తెలిపే ఆ పళ్లేల యంత్రాన్ని నడుమ ఒక మేకు పట్టి ఉంచును. ఆ మేకును బిగించే చీలకు అరబ్బీలో 'ఫరస్', అనగా గుర్రం, అని పేరు. గుర్రాన్ని లాగితే పళ్లేలన్నీ విడిపోవును. ఏ ఊరికి పోతే ఆ ఊరి అక్షాంశపు పళ్లెం వేసుకొని మరల బిగించవచ్చును. కొన్నవాడు విప్పగలుగుట ఆ శిల్పంలో ఒక భాగం. నాలుగువందల ఏండ్ల నాటివి నేటికీ మ్యూజియంలలో తిరుగుచున్నవి. ఆ ఉస్తాదులకు జిగురుతో మూసివేయుట తెలియక కాదు.

ఇప్పుడు చట్టం మాట. ఐరోపా దేశాల కూటమి 2023లో చేసిన బ్యాటరీల శాసనం ప్రకారం, 2027 ఫిబ్రవరి 18నుండి అక్కడ అమ్మే చిన్న యంత్రాలలోని బ్యాటరీని కొన్నవాడే తీసి మార్చుకొనగలిగేటట్లు ఉండవలెను. కొన్ని మినహాయింపులు ఉన్నవి. మన దేశంలో మరమ్మతు హక్కును గురించి కేంద్ర వినియోగదారుల శాఖ 2022లో ఒక కమిటీని వేసినది. ఆ సంవత్సరమే బ్యాటరీ వ్యర్థాలకు కొత్త నియమాలు వచ్చినవి, 2023 ఏప్రిల్ 1నుండి ఎలక్ట్రానిక్ వ్యర్థాల కొత్త నియమాలు అమలులోనికి వచ్చినవి. ఇవి మంచివే. కాని ఈ నియమాల చూపు ఎక్కువగా వస్తువు చచ్చిన తరువాతి అంత్యక్రియల మీద ఉన్నది. బ్రతికించుట మీద కూడ అంతే చూపు ఉండవలెనని మా కోరిక. 2024 ఆగస్టులో పాల్ఘర్‌లో ప్రధానమంత్రి ప్రారంభించిన పథకం క్రింద లక్ష బోట్లకు ఇస్రో రూపొందించిన ట్రాన్స్‌పాండర్లు ఇచ్చుచున్నారు. టవరు అందని దూరంనుండి కూడ ఆపదలో కబురు పంపగల యంత్రం అది. దానిని మనసారా స్వాగతించుచున్నాము. లక్ష యంత్రాలు ఇచ్చిన ప్రభుత్వం వాటిని విప్పి బాగుచేయగల పదిమందిని ప్రతి రేవులోను తయారుచేయవలెను. వాటి భాగాల పట్టికను, విప్పే విధానాన్ని తెలుగులో అచ్చువేసి ఇవ్వవలెను. ఇది గొంతెమ్మ కోరిక కాదు. కుట్టుమిషనుతోపాటు ఒకప్పుడు ఇటువంటి పుస్తకం వచ్చేది.

తుక్కు విషయంలో మాకు సొంత బాధ ఒకటి ఉన్నది. పాత ఇనుము, పాత ఫోనులు, చచ్చిన బ్యాటరీలు ఏరుకొని తూచి అమ్మే బండ్ల వెనుక, వాటిని విరగగొట్టే పాకలలో మన సముదాయపు పిల్లలు చాలమంది కనబడుదురు. వాచీలు, రేడియోలు, టేపు రికార్డర్లు బాగుచేసిన తాతల మనుమలు వారు. తాత విప్పి బిగించేవాడు, మనుమడు పగలగొట్టుచున్నాడు. పని పోలేదు, పనిలోని విద్య పోయినది. రాజమహేంద్రవరంలోను, కాకినాడలోను మిగిలిన నలుగురైదుగురు పెద్ద మెకానిక్కుల చేతి నేర్పు వారితోనే పోకముందే దానిని పిల్లలకు అందించుట మనవంటి కళాశాలల బాధ్యత. బి.ఎస్సీ. ఎలక్ట్రానిక్సు చదివినవానికి టంకపు కమ్మీ పట్టుట రాకపోతే ఆ పట్టాకు అర్థమేమి? తెలుగు చెప్పేవారికి ఈ ప్రశ్న ఎందుకని సహాధ్యాపకులు కొందరు పరిహాసం చేసినారు. గుర్తులు చెరిగిన సరంగును చూచిన తరువాత, అచ్చుకాక తగులబడిన తాళపత్రాల కట్ట ఒకటి మాకు గుర్తుకువచ్చినది. అంతకుమించి సమాధానం మావద్ద లేదు.

తాళపత్రాల మాట వచ్చినది గనుక, యంత్రం బాగుపడినా పడకున్నా చేయదగిన పని ఒకటి చెప్పవలెను. గుర్తులను కాగితం మీద వ్రాసి పెట్టుకొనవలెను. ఇది చెప్పుట తేలిక, తప్పులు లేకుండ చేయుట కష్టం. ఒక నిమిషం అక్షాంశమంటే 1,852 మీటర్లు. దశాంశ బిందువు తరువాతి మొదటి అంకె తప్పితే 185 మీటర్లు, మూడవ అంకె తప్పితే రెండు మీటర్లలోపు. కొన్ని యంత్రాలు నిమిషాలను దశాంశాలలో చూపును, కొన్ని నిమిషాలు సెకండ్లుగా చూపును. 20.500 నిమిషాలంటే 20 నిమిషాల 30 సెకండ్లు. దానిని 50 సెకండ్లుగా చదివినవాడు రాయి ఉన్న చోటుకు ఆరువందల మీటర్ల దూరంలో గుర్తు పెట్టుకొనును. పాత యంత్రాన్ని ఏ భూమాన పద్ధతిలో పెట్టినారో కూడ చూడవలెను. ఒకటి 1830 నాటి ఎవరెస్టు కొలతలలోను, మరొకటి నేటి డబ్ల్యు.జి.ఎస్.-84లోను ఉంటే రెండూ ఒకే అంకెను చెప్పినా చోటు ఒకటి కాదు.

మన తీరంలో ప్రతి ఏటా ఏప్రిల్ 15నుండి జూన్ 14 వరకు మరబోట్ల వేట నిషేధం. అరవై ఒక్క రోజులు బోట్లు ఒడ్డున ఉండును. చెక్కల సందులు పూడ్చేది, రంగులు వేసేది, వలలు అల్లేది, ఇంజన్లు విప్పేది ఆ రోజులలోనే. యంత్రాలను పట్టించుకొనుటకు కూడ అదే తగిన కాలం. మా కళాశాల భౌతికశాస్త్ర, తెలుగు శాఖలు కలిసి రాబోయే నిషేధకాలంలో ప్రతి శనివారం ప్రయోగశాల తలుపు తెరిచి ఉంచవలెనని నిర్ణయించినవి. యంత్రం తెచ్చినవారి ఎదుటనే దానిని విప్పుట, మీటరు పెట్టి చూచుట, బాగుపడునో లేదో నిజం చెప్పుట భౌతికశాస్త్రంవారి పని. ఉబ్బిన లిథియం బ్యాటరీలను ముట్టరు. వాటిని ఇసుక డబ్బాలో విడిగా ఉంచి సేకరణదారులకు అప్పగించుదురు. యంత్రాన్ని విప్పకముందే అందులోని గుర్తులను ఒకరు చదువగా ఒకరు వ్రాసి, మూడవవారు సరిచూచుట తెలుగు విద్యార్థుల పని. ప్రతి గుర్తు పక్కన అక్కడ ఏమి ఉన్నదో సరంగు నోట వచ్చిన మాటలలోనే వ్రాయవలెను, మన మాటలలోనికి మార్చరాదు. పుస్తకం ఒక్కటే ప్రతి, అది సరంగు ఇంటికే పోవును. కళాశాలలో నకలు ఉంచరాదని మొదటనే తీర్మానించినాము, ఎందుకంటే వేట తావు ఎవరి సొత్తు వారిది. గట్టి అట్టలు గల నలభై పుస్తకాలకు, ఒక మల్టీమీటరుకు, రబ్బరు వాషర్లకు అయ్యే ఖర్చును మంజూరు చేయవలెనని ప్రిన్సిపాలుగారికి అర్జీ పెట్టినాము. పుస్తకాలకు మంజూరు వచ్చినది. వాషర్లకు ఇంకను రావలసి ఉన్నది.